పాతరలో ఆరని లైటు

మంగళవారం తెల్లవారుజామున మృగశిర చినుకు పడింది. గట్టి వానేమీ కాదు, దుమ్ము అణిగేంత. కాలువకు ఇంకా నీళ్లు వదల్లేదు. బోరు నీళ్లతోనే నారుమడి తడిపి, ఏడు గంటలకల్లా ట్రాక్టరు దించాను. రెండు చుట్లు తిరిగేసరికి ఫోను మోగింది. మేష్ట్రు పక్కింటాయన.

"మీ సైన్సు మేష్ట్రు పొయినాడప్పా. పొద్దున్నే కాఫీ ఇద్దామని పిలిస్తే పలకలే. చూస్తే ఇంగేముండాది."

వస్తానన్నాను. ఇంజను ఆపి గట్టు మీద కాసేపు కూర్చున్నాను. తడిసిన నేల వాసన వస్తోంది. ఆ వాసన వచ్చిన ప్రతిసారీ నాకు ఆయన మాటే గుర్తొస్తుంది. "వానకు వాసన లేదురప్పా. అది మట్టిలో ఉండే సన్న జీవాలు చేసిపెట్టిన పదార్థం. ఎండాకాలమంతా నేలలో పడి ఉంటాది. చినుకు తగిలితే గాలిబుడగలతో పైకి లేస్తాది. ఆకాశంలో నుంచి వచ్చిందని మీరు ముక్కు పైకెత్తుతారు. అది కాళ్ల కింద నుంచి వస్తాంది."

అప్పటికప్పుడు దున్నడం ఆపి పరిగెత్తానని రాయొచ్చు. అది అబద్ధం. తడి ఆరితే మడి గట్టిపడుతుందని మిగతా సగం కూడా దున్నాను. ఆ తర్వాతే వెళ్లాను. ఆయన్ని గురించి తమ సంచికకు రాయమని బడివాళ్లు అడిగినప్పుడు, అబద్ధం లేకుండా రాస్తే చాలనుకున్నాను. అందుకే ముందుగా ఇది చెబుతున్నాను.

మా ఊరు కర్ణాటకలోని సిరుగుప్ప తాలూకాలో కాలువకు పైఅంచున ఉంది. సగం ఊరికి వరి, సగానికి మెట్ట. ఆయన మా ఊరి హైస్కూల్లో ఇరవై ఏళ్లకు పైగా సైన్సు చెప్పాడు. పుస్తకం కన్నడం. పిల్లల్లో సగం మందికి ఇంట్లో మాట తెలుగు. పుస్తకంలోది కన్నడంలో చదివించి, అర్థం తెలుగులో చెప్పేవాడు. తిట్లు మాత్రం రెండింట్లోనూ ఉండేవి.

బడిలో ప్రయోగశాల అంటే ఒక బీరువా. అందులో మూడు పగిలిన గాజు గొట్టాలు, ఒక కిరసనాయిలు లాంతరు. సామాను లేదని ఆయన ఎప్పుడూ అనలేదు. "మీ ఇండ్లల్లో ఉండాది కదా, తెండి," అనేవాడు. మేము పసుపు, సున్నం, చింతపండు, వంటసోడా, బూడిద పొట్లాలు కట్టుకుని వెళ్లేవాళ్లం. ఏది చేతికిచ్చినా నేరుగా ముక్కు దగ్గర పెట్టుకునేవాడు కాదు. దూరంగా పట్టుకుని, దాని మీద నుంచి అరచేత్తో గాలిని తనవైపు తోసుకుని వాసన చూసేవాడు. కూర గిన్నె ముందు పెట్టినా అంతే. కొత్తవాళ్లు ఈగలు తోలుతున్నాడనుకునేవాళ్లు.

మెతక మనిషి కాదు. చేతిలో వెదురు బెత్తం ఉండేది. తప్పు చెప్పినవాళ్లను పెద్దగా కొట్టేవాడు కాదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పచెప్పినవాళ్లను కొట్టేవాడు. నేను అప్పచెప్పడంలో మొదటివాణ్ణి. ఆయన చేతిలో ఎక్కువ దెబ్బలు తిన్నదీ నేనే. ఇంట్లో చెప్పుకుంటే నమ్మేవాళ్లు కాదు. కరెక్టుగా చెప్తే యాలప్పా కొడతాడు అనేవాళ్లు.

ఒకసారి మమ్మల్ని ఇనుప గనులున్న సండూరు తీసుకుపోయాడు. బస్సు దిగేసరికి మా చొక్కాలు, కనురెప్పలు, పళ్లు కూడా ఎర్రగా ఉన్నాయి. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. రోడ్డు పక్కనున్న ఎర్రదుమ్ము పిడికెడు తీసి మా ముందు పెట్టాడు. "ఇదేంది?"

"ఇనుప రాయి పొడి సార్."

"తుప్పు. మీ ఇంట్లో కొడవలికి పట్టిందే ఇది. నోడ్రప్పా, సూడండి, కొడవలి మళ్లా కొండయిపోవల్లని చూస్తాది. మనమేమో కొండను కొడవలి చేస్తాండాం. ఎవురు గెలుస్తారనుకుంటాండారు?"

మేము మనుషులే గెలుస్తారన్నాం. "అయితే మీ ఇంట్లో కొడవలికి నూనె యాలకు పూస్తారు?" అని లారీలకు దారి ఇచ్చి ముందుకు నడిచాడు.

మా అక్క పెళ్లికి పిలిస్తే వచ్చాడు. పెళ్లికూతురు గడప దాటే ముందు మా పెద్దమ్మ ఎర్రనీళ్ల పళ్లెం తెచ్చింది. దిష్టి తీయబోతుంటే ఈయన పక్కనుంచి, "ఒక్క నిమిషం ఉండమ్మా," అని చేతిలోని నిమ్మకాయ పళ్లెంలో పిండేశాడు. ఎర్రనీళ్లు కళ్ల ముందే పసుపుపచ్చగా మారిపోయాయి. ఆడవాళ్లందరూ కేకలేశారు.

"ఏందప్పా మేష్ట్రూ! దిష్టినీళ్లు పాడు చేస్తివే! ఇప్పుడు పిల్ల మిందుండే దిష్టి యాడికి పోవల్ల?"

"యాడికీ పోదు. ఇంగింత సున్నం ఎయ్యి."

వేసింది. మళ్లీ ఎర్రబడ్డాయి. అక్కడున్న కుర్రకారు ఈల వేశారు.

"పసుపుకు సున్నం తగిలితే ఎరుపు, పులుపు తగిలితే మళ్లా పసుపు. అంతే. దిష్టి సంగతి నాకు తెలీదు," అన్నాడు.

"తెలీకపోతే తెలీనట్లే ఉండల్ల గదా!" అంది పెద్దమ్మ. తర్వాత మా ఇళ్లల్లో ఏ శుభకార్యానికీ ఆయన్ని పిలవనీయలేదు. "ఆయప్పొస్తే ఉండేదాన్ని లేదంటాడు," అనేది. ఆయనకు అది తెలుసు. రోడ్డు మీద కనిపిస్తే, "ఏమ్మా, నీళ్లు ఎర్రగుండాయా, పచ్చగుండాయా?" అని అడిగేవాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ తిట్టేది.

ఇవి చెప్పుకోవడానికి బాగుంటాయి. మట్టి చేసిన రోజు వచ్చిన నలుగురూ ఇవే చెప్పుకున్నారు. పాతర మాట ఎవరూ ఎత్తలేదు.

కాలువ రాకముందు మా ఊళ్లో అందరిదీ జొన్నే. అప్పుడు ఇంటింటికీ పాతర ఉండేదట. గట్టి నేలలో రెండాళ్ల లోతు గొయ్యి. పైన మనిషి పట్టేంత మూతి, లోపలికి పోయేకొద్దీ కడవలా వెడల్పు. చుట్టూ జొన్నసొప్ప పరిచి, గింజలు పోసి, మూతి మీద బండ వేసి మట్టితో మెత్తేవాళ్లు. ఏళ్లు గడిచినా పురుగు పట్టేది కాదు. వరి వచ్చాక పాతరలన్నీ పూడ్చేశారు. పెద్దింటి ఆసామి వాకిట్లో ఒక్కటే మిగిలింది. ఊరి దేవర, అంటే అమ్మవారి జాతర, వచ్చినప్పుడు చుట్టాలకు పాతర జొన్నల రొట్టెలు పెట్టడం ఆ ఇంటి మర్యాద.

పాతర తెరిచినప్పుడు దిగే ముందు లోపలికి దీపం దించాలి. ఇది పాత ఆచారం. లోపలున్న లక్ష్మికి దీపం చూపించాలని ఆడవాళ్లు చెప్పేవాళ్లు. మేష్ట్రు తొమ్మిదో తరగతిని వెంటబెట్టుకుని ఆ వాకిట్లోకి తీసుకుపోయేవాడు. బీరువాలోని లాంతరు వెలిగించి, తాడుకు కట్టి, మా చేతనే దించించేవాడు. ఛాతీ లోతు పోయేసరికి మంట కుంగేది. ఇంకో మూర దిగితే ఆరిపోయేది. పైకి తీసి చూస్తే గాజు వేడిగా ఉండేది, వత్తి పొగలు కక్కేది.

"గింజకు ప్రాణముండాది. ఊపిరి తీస్తాది. మూత వేసిన పాతరలో మంచి గాలంతా తినేసి చెడ్డ గాలి వదుల్తాది. ఆ గాలి బరువు, కిందనే ఉంటాది. పురుగును సంపేది అదే, మనిషిని సంపేది అదే. దానికి రంగు లేదు, వాసన లేదు. దీపానికి గాలి చాలకపోతే మీకూ చాలదు. మీరేమన్నా దీపం కంటే మొండోళ్లా?"

ఆ రోజు ఎవరూ దిగేవాళ్లు కాదు. బండ తీసి ఉంచి, గొంగళ్లతో విసిరి, మరునాడు మళ్లీ లాంతరు దించేవాళ్లు. వెలుగుతూ పైకి వస్తే అప్పుడు మనిషి దిగేవాడు.

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. నేను ఒక పేజీ నిండా రాశాను. మార్కులన్నీ వేసి, కింద ఎర్రసిరాతో ఆయన ఒక మాట రాశాడు. "ఇది పుస్తకంలోది. నీది యాడ?"

నాలుగేళ్ల కింద మళ్లీ దేవర వచ్చింది. అప్పటికి ఆయన రిటైరయ్యాడు. బడి నుంచి పాతర చూడ్డానికి పిల్లలను తీసుకుపోవడం కూడా ఆగిపోయింది. దేవరకు వారం ముందు, జొన్నలు పిండిమరకు తీసుకుపోవడానికి నన్ను ట్రాలీతో రమ్మన్నారు. పెద్దింటివాళ్ల నాలుగెకరాలు నేను కౌలుకు చేస్తున్నాను. పిలిస్తే పోకుండా ఉండను.

వాకిట్లో నలుగురం. ఆసామి కొడుకు, నేను, ఒక కూలి మనిషి, ఈరన్న. ఈరన్న చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లోనే జీతగాడు. పాతర దిగేది ఎప్పుడూ అతనే. బండ తీశారు. పాతర జొన్నల మగ్గిన వాసన పైకి వచ్చింది. నిచ్చెన దించారు.

"దీపం చూపించల్ల గదప్పా," అన్నాడు ఈరన్న.

"కిరసనాయిలు యాడుండాది ఇప్పుడు? రేషన్లో నిలిపేసి ఎన్నేండ్లాయె. చూపించేదే గదా, సెల్లు చూపించు," అన్నాడు ఆసామి కొడుకు.

"లచ్చుమమ్మ ఫొటో దిగుతాదేమో సామీ," అని ఈరన్న నవ్వాడు.

నా ఫోను మంచిది. లైటు వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తాడుకు కట్టి నేనే దించాను. అడుగు దాకా పోయింది. గింజ గింజ కనిపించింది. లాంతరుకు ఎప్పుడూ అంత వెలుగు లేదు. "పగలు మాదిరుండాది," అన్నాను. ఆ మాట నాదే. లైటు ఆరలేదు కాబట్టి అందరికీ సమ్మతమయింది. లైటు అట్లాగే లోపల వేలాడుతుండగా ఈరన్న చొక్కా విప్పి గంప పట్టుకుని దిగాడు.

"బంగారుండాయప్పా జొన్నలు," అన్నాడు లోపల నుంచి. మరుక్షణం మూట దించినట్టు చప్పుడయింది.

వంగి చూశాం. గింజల మీద బోర్లా పడి ఉన్నాడు. పక్కనే నా ఫోను లైటు వెలుగుతోంది. అతని వీపు మీది చెమట మెరవడం కూడా కనిపించింది.

ఆసామి కొడుకు అరుస్తూ నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఎదురింట్లో ఉండే మేష్ట్రు ఎప్పుడొచ్చాడో తెలియదు. పంచె సగం జారిపోయి ఉంది. ఆ అబ్బాయి జుట్టు పట్టి వెనక్కు లాగి పడేశాడు.

"దిగితే ఇద్దరు పోతారు!"

"వదుల్సార్! లైటు వెలుగుతాంది కనపళ్లేదా? గాలుండాది లోపల!"

చెంప మీద ఒకటి కొట్టాడు. కొట్టి, తానే పాతర మూతికి అడ్డంగా కూర్చున్నాడు, రెండు కాళ్లూ అటూ ఇటూ పెట్టి. నన్ను చూసి, "గూట్లో దీపం తే," అన్నాడు. దేవుని గూట్లోని ప్రమిద తెచ్చాను. చెంబులో పెట్టి తాడుతో దించాడు. ఛాతీ లోతులో ఆరిపోయింది. దాని కింద ఫోను లైటు వెలుగుతూనే ఉంది.

అప్పుడు నా వైపు చూశాడు. "ఏం దించినావు?"

"సెల్లు సార్."

మందు కొట్టే పవర్ స్ప్రేయరు తెప్పించి, ఖాళీ చేయించి, దాని గొట్టంతో లోపలికి గాలి కొట్టించాడు. మళ్లీ మళ్లీ దీపం దించాడు. వెలుగుతూ పైకి వచ్చేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. వచ్చాక నడుముకు తాళ్లు కట్టి నన్నూ ఆసామి కొడుకునూ దింపాడు. ఈరన్నను పైకి తెచ్చాం. చాలాసేపటి కిందే పోయాడు.

ఈ మధ్యలో ఎవరో చెబితే ఈరన్న భార్య హులిగెమ్మ చేను నుంచి పరిగెత్తుకొచ్చింది. ఆమె చూసిందేమిటంటే, లోపల లైటు వెలుగుతోంది, మొగుడు పడి ఉన్నాడు, నిచ్చెన వేసి ఉంది, ఒక ముసలాయన మూతికి అడ్డం కూర్చుని ఎవరినీ దిగనివ్వడం లేదు.

ఆమె కళ్లతో చూసింది అంతే. దాన్ని ఎవరూ కాదనలేదు.

పెద్దింటివాళ్లు చెప్పిన మాట ఊరంతా పాకింది. "మేం దిగబోతిమి. ఆయప్పే అడ్డం పడె. వదిలింటే ఈరన్న బతికుండు." ఎవరైనా గాలి మాట ఎత్తితే, "గాలి లేకుంటే లైటెట్ల వెలుగుతాదప్పా?" అనేవాళ్లు. దానికి ఎదురు చెప్పేవాళ్లు లేరు. నా ఫోను లైటే వాళ్లకు సాక్ష్యం. పంచనామాలో కాలు జారి పడ్డాడని రాశారు. కింద నా సంతకం ఉంది.

హులిగెమ్మ ఆయన గడప ముందు నిలబడి ఉమ్మేసింది. "అడ్డం కూర్చున్న పెద్దమనిషీ, నీ ఇంట్లో దీపం పెట్టేవాళ్లుండరు పో," అని తిట్టింది. ఆయన లోపల నుంచి వచ్చి గడప దగ్గర నిలబడి, ఆమె తిట్టడం అయ్యేదాకా విన్నాడు.

తర్వాత ఒకరోజు అరుగు మీద ఒక బకెట్టు పెట్టాడు. అడుగున ఒక కొవ్వొత్తి ముక్క, దాని పక్కన గాజు గ్లాసులో సెల్లు, లైటు వేసి. బకెట్టులో వంటసోడా చల్లి, నిమ్మఉప్పు కలిపిన నీళ్లు అంచు నుంచి మెల్లగా పోశాడు. బుసబుసా పొంగింది. కొవ్వొత్తి తనంతట తానే ఆరిపోయింది. నీళ్లు తగలనేలేదు. సెల్లు లైటు వెలుగుతూనే ఉంది. "మంటకు గాలి కావల్ల. ఈ లైటుకు అక్కర్లేదు, దానిది బ్యాటరీ. పాతరలో జరిగింది ఇదే," అన్నాడు. మొదటి రోజు ఎనిమిది మంది చూశారు. "బకెట్టుకూ పాతరకూ ఏం పోలికప్పా," అని లేచిపోయారు. రెండో రోజు ఇద్దరు. మూడో రోజు నేనొక్కణ్ణి, అదీ వీధి మలుపు నుంచి.

ఆయన నన్ను చూశాడు. దగ్గరకు పిలిచాడు.

"ఆయమ్మకు నువ్వు చెప్పల్ల. నేను చెప్తే నా తప్పు దాచుకునేకి చెప్పినట్లుంటాది. దించినోనివి నువ్వు, చదువుకున్నోనివి నువ్వు."

"చెప్తాను సార్."

చెప్పలేదు. చెబితే, దీపం బదులు సెల్లు దించమన్నదెవరో చెప్పాలి, దించిందెవరో చెప్పాలి. కౌలు పోతుంది. ఆ సంవత్సరం కౌలు, తర్వాతి సంవత్సరం కౌలు. అట్లా నాలుగేళ్లు. ఇది అచ్చయ్యాక ఆ నాలుగెకరాలు నాకుండవు. పోతే పోనీ అనేంత ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఆయన మళ్లీ అడగలేదు. అదే నాకు కష్టంగా ఉండేది. అడిగితే ఏదో ఒక కారణం చెప్పేవాణ్ణి. ట్యూషనుకు వచ్చే పిల్లలు మానుకున్నారు. టీ అంగట్లో ఆయన కూర్చుంటే పక్క బెంచీ ఖాళీ అయ్యేది. ఆయన మాత్రం టీ గ్లాసు దూరంగా పట్టుకుని, అరచేత్తో ఆవిరి తోసుకుని, వాసన చూసి, తాగి, గ్లాసు కడిగి పెట్టి వచ్చేవాడు. బకెట్టూ సోడా డబ్బా అరుగు పక్క గూట్లోనే ఉంచాడు. నిమ్మఉప్పు అయిపోతే కొత్తది కొనేవాడని అంగడాయన చెప్పాడు. ఎవరి కోసమో నాకు తెలుసు.

పోయిన నెల గొడుగు వేసుకుని మా మడి దాకా వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నడిస్తే ఆయాసం.

"ఇత్తనాలు ఉప్పునీళ్లలో వేసినావా?"

"ఇంకా లేదు సార్."

"గుడ్డు తేలే దాకా ఉప్పు కలుపు. అప్పుడు ఇత్తనాలు పొయ్యి. తేలేవి తీసేయి. చూసేకి మంచివాటి మాదిరే ఉంటాయి, లోపలేం ఉండదు."

ఆయన విత్తనాల గురించే అన్నాడు. గుచ్చి మాట్లాడే అలవాటు ఆయనకు లేదు. ఏదన్నా ఉంటే ముఖం మీదే అనేవాడు. గట్టు మీద కాసేపు నిలబడి, కాలువ వైపు చూసి వెళ్లిపోయాడు. అదే ఆఖరు.

మంగళవారం నేను వెళ్లేసరికి పది దాటింది. ఆయన కూతురు బళ్ళారి నుంచి వచ్చి ఉంది. పదిమంది కూడా లేరు. తల దగ్గర ఇత్తడి ప్రమిద వెలుగుతోంది. నేను దండం పెట్టి బయటికి వచ్చాను. అరుగు పక్క గూట్లో బకెట్టు ఉంది. సోడా డబ్బా, నిమ్మఉప్పు పొట్లం, కొవ్వొత్తి ముక్క, అగ్గిపెట్టె, గాజు గ్లాసు. అన్నీ ఒక గుడ్డలో కట్టి ఉన్నాయి. కూతురికి చెప్పి తీసుకున్నాను.

హులిగెమ్మ ఇంటి ముందు కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"మేష్ట్రు పొయినాడక్కా."

"తెలుసు. నేను రాను."

"రమ్మనేకి రాలేదు. ఒకటి చూపించల్ల నీకు."

చేట ఆపలేదు. నేను ఆమె ముందే బకెట్టు పెట్టాను. కొవ్వొత్తి వెలిగించాను. గ్లాసులో నా ఫోను పెట్టి లైటు వేశాను. సోడా చల్లి, పులుపు నీళ్లు పోశాను. పొంగింది. కొవ్వొత్తి ఆరిపోయింది. లైటు వెలుగుతోంది.

చేట కింద పెట్టింది. అగ్గిపుల్ల గీసి బకెట్టులోకి తానే దించింది. ఆరిపోయింది. ఇంకొకటి గీసింది. అదీ ఆరిపోయింది. మూడోది చాలా నెమ్మదిగా, అంచు నుంచి అంగుళం అంగుళం దించింది. సగంలో ఆరింది. ఆరిన చోట పుల్లను అట్లాగే పట్టుకుంది.

"ఏముండాదిందులో?"

"ఏమీ కనపడదు. పాతరలో ఉండింది ఇదే. ఆపొద్దు లైటు దించింది నేను. దీపం దించింటే ఆరిపోయేది, ఈరన్న దిగేవాడు కాదు. మేష్ట్రు అడ్డం కూర్చోకుంటే ఇంగొకడు పొయ్యుండు. ఈరన్న అప్పటికే పొయినాడక్కా."

ఆరిన పుల్లను కింద పెట్టింది.

"నీకీ సంగతి ఎప్పట్నుంచి తెలుసు?"

"తొమ్మిదో తరగతి నుంచి."

"దించేటప్పుడు?"

"గుర్తు రాలేదు."

"గుర్తు రాకపోయె, సరే. ఆ మరుసట్నాడు?"

"తెలుసు."

ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. "ఆయన ఉన్నప్పుడు చెప్పిండొచ్చు గదప్పా," అంది. "ఆయన గడప ముందర ఉమ్మేస్తిని నేను. నా నోటితో ఏమేమంటినో నీకు తెలుసునా?"

తెలుసన్నాను. నేను వీధిలోనే ఉన్నాను ఆ రోజు.

ఫోను తీసి నా చేతికిచ్చింది. బకెట్టు మాత్రం ఇవ్వలేదు. బోరింగు దగ్గరకు తీసుకుపోయి బూడిదతో తోమి కడిగింది. "ఇది ఆయనింటిది. నేనిచ్చొస్తా," అని నాకంటే ముందు నడిచింది.

మేము చేరేసరికి శవాన్ని ఎత్తేశారు. ఇంట్లో కూతురు, పక్కింటావిడ ఉన్నారు. తల పెట్టిన చోట ప్రమిద అట్లాగే ఉంది. హులిగెమ్మ గడప ముందు ఆగింది. కొంగుతో గడప తుడిచి, దాటకుండా పక్కనున్న అరుగు మీద బకెట్టు పెట్టి, అక్కడే కూర్చుంది. కూతురు లోపలికి రమ్మంది. "ఉండనీ తల్లీ," అంది. వత్తి కొసకు నూనె అందక చిటపటమంటే మాత్రం లేచి లోపలికి వెళ్లి, నూనె పోసి, మళ్లీ అరుగు మీదికి వచ్చింది.

మట్టి రెండు గంటలకు అయింది. పెద్దింటి నుంచి ఎవరూ రాలేదు. బడి నుంచి వచ్చిన హెడ్మాస్టరు మూడు గంటల సిరుగుప్ప బస్సుకు వెళ్లిపోయాడు. పక్కింటావిడ నాలుగింటికి వెళ్లింది. నేను ఐదింటికి, నారుమడికి నీళ్లు కట్టాలి కాబట్టి. హులిగెమ్మ ఆరు దాటాక వెళ్లిందని కూతురు చెప్పింది.